ఏ నెలలో చూశావు?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, నాలాగే ఏటా బతికే ఉన్నానని సర్టిఫికెట్టు ఇచ్చుకుంటున్న సోదర సోదరీమణులకు నమస్కారాలు.

కొండదారుల మీద నేను రాసిన చిన్న పుస్తకం గురించి మాట్లాడమని నన్ను ఆదేశించారు. నేను రచయితను కాను. నీటిపారుదల శాఖలో సర్వేయరుగా చేరి, గొలుసులూ లెవెలింగు కర్రలూ మోయించి, 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కాలవ ఎక్కడ పోతుందో గీశాను. విరమణ తర్వాత మనిషి ఎక్కడ నడవగలడో రాశాను. రెండింట్లోనూ తప్పు చేస్తే నీళ్ళ దగ్గరే బయటపడుతుంది. ఆ సంగతి చివర్లో మనవి చేస్తాను.

మా ఆవిడ ముందు వరుసలో కూర్చుని ఉంది కాబట్టి అతిశయోక్తులకు అవకాశం లేదు.

మన తిరుపతివాళ్ళకు కొండ కొత్త కాదు. ఆదిశేషుడి తల తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం అని చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పేది. సర్వే పటాలు ముందు పరచుకున్నప్పుడు ఆ మాట గుర్తుకొచ్చింది. శేషాచలం, వెలికొండలు, నల్లమల, అన్నీ తూర్పు కనుమల వరసలే. తల నుంచి తోక దాకా నడిచిన దారులన్నీ ఒక పుస్తకంగా కూరిస్తే పిల్లలకు పనికొస్తుందనుకున్నాను. 2013లో 96 పేజీలతో, సొంత ఖర్చుతో, 500 ప్రతులు వేశాను. గ్రాట్యుటీ డబ్బులకు ఇంతకన్నా మంచి పని దొరకలేదా అని మా అబ్బాయి అడిగాడు. దొరకలేదన్నాను.

అయితే ఈ పని నాతోనే మొదలు కాలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర మీలో చాలామంది చదివే ఉంటారు. ఆయన 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. పుస్తకం 1838లో అచ్చయింది. తిరుపతి, కడప, అహోబిలం, ఆత్మకూరు, శ్రీశైలం అన్నీ ఆయన దారిలో ఉన్నవే. ఏ ఊరికి ఏ ఊరు ఎన్ని ఆమడలు, దారి రాతి నేలా ఇసుక నేలా, మజిలీలో దిగడానికి చోటుందా, సామాను దొరుకుతుందా, నీళ్ళు ఎలాంటివి అన్న విషయాలు రాసుకుంటూ పోయారు. కొండలు ఎంత అందంగా ఉన్నాయో నాలుగు పేజీలు వర్ణించేవారికంటే, ఫలానా చోట నీళ్ళున్నాయని ఒక్క ముక్క రాసినవాడే బాటసారికి చుట్టం అవుతాడని నాకు ఆయన పుస్తకం చదివాకే తెలిసింది.

ఇక నా పద్ధతి. నా అంగ కొలుచుకున్నాను. చదునైన నేల మీద కిలోమీటరుకు సుమారు 1400 అంగలు పడుతుంది. చొక్కా కుడి జేబులో చింతపిక్కలు వేసుకుని, వంద అంగలకొకటి ఎడమ జేబులోకి మార్చేవాణ్ణి. మాట్లాడుతూ నడిచినా లెక్క తప్పదు. పధ్నాలుగు పిక్కలు మారితే ఒక కిలోమీటరు. ఆ రోజుల్లో మా ఆవిడ చొక్కాలు ఉతకబోతే జేబుల్లోంచి చింతపిక్కలు రాలేవి.

పటం ఉంది కదా, నడిచి కొలవడం ఎందుకని కొందరు అడిగారు. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటంలో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. కొండ ఎత్తు చూపే గీతలు సాధారణంగా 20 మీటర్లకొకటి గీస్తారు. అంటే పంతొమ్మిది మీటర్ల నిలువు బండ రెండు గీతల మధ్య కనబడకుండా ఉండిపోవచ్చు. పటం అబద్ధం చెప్పినట్టు కాదు, కానీ ఆ బండ కింద నిలబడ్డవాడికి ఆ తేడా పనికిరాదు. అందుకే నడవని దారి రాయకూడదని మొదటి నియమం పెట్టుకున్నాను.

గుర్తులు రాయడంలోనూ దెబ్బ తిన్నాను. మొదటి ముద్రణలో ఒకచోట “టీ కొట్టు దగ్గర కుడి వైపుకు తిరగాలి” అని రాశాను. ఆరు నెలల్లో ఆ కొట్టు రోడ్డుకు అవతలి పక్కకు మారింది. పుస్తకం పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు నేరుగా ఒకరి చెరుకు తోటలోకి వెళ్ళి తిట్లు తిని వచ్చారు. అప్పటినుంచి కదలని వాటినే గుర్తులుగా రాస్తున్నాను. వంక మలుపు, కల్వర్టు, రెండుగా చీలిన బండ, గుడి. చెట్టును కూడా నమ్మను.

ఇప్పుడు నాకు ఇష్టమైన దారులు మూడు చెబుతాను.

మొదటిది మన గుమ్మం ముందున్నదే. అలిపిరి దారి సుమారు తొమ్మిది కిలోమీటర్లు, 3550 మెట్లు. శ్రీనివాసమంగాపురం వైపునుంచి వెళ్ళే శ్రీవారిమెట్టు దారి రెండు కిలోమీటర్ల పైచిలుకు, 2388 మెట్లు. దగ్గర కదా అని శ్రీవారిమెట్టు సులువనుకుంటారు. ఎక్కవలసిన కొండ ఒక్కటే. తొమ్మిది కిలోమీటర్లలో మెల్లగా ఎక్కే కొండను ఇక్కడ రెండు కిలోమీటర్లలో ఎక్కేస్తాం. గుండె బాగున్నవాడికి, తొందర ఉన్నవాడికి అది మంచి దారి. మన వయసువాళ్ళకు అలిపిరే మేలు. గాలిగోపురం దాకా ఊపిరి ఆడనివ్వదు. అది దాటాక చాలా దూరం చదునుగా సాగి, చివర మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ పరీక్ష పెడుతుంది. రెండో ఘాటురోడ్డు 1974లో వచ్చింది, మొదటిది 1944లో. అంతకుముందు ఏ ముసలివారైనా కాలినడకనో డోలీలోనో వెళ్ళవలసిందే.

ఈ దారి నేను లెక్కలేనన్నిసార్లు ఎక్కాను. నా కొలత ప్రకారం రెండు గంటల నలభై నిమిషాలని రాసుకున్నాను. స్కాట్లండులో నెయిస్మిత్ అనే ఆయన 1892లో ఒక సూత్రం చెప్పారు. చదునులో గంటకు అయిదు కిలోమీటర్లు, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట కలుపుకోవాలని. నా లెక్క ఆ సూత్రానికి దగ్గరగా వచ్చిందని సంబరపడ్డాను.

అప్పుడే మా అమ్మాయి కాన్పు సుఖంగా జరిగితే మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడతానని మా ఆవిడ మొక్కుకుంది. మొక్కు తీర్చుకున్న రోజు పళ్ళెం పట్టుకునే ఉద్యోగం నాది. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడితే పైకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఏ వేళకు ఏ మెట్ల మీద నీడ పడుతుందో, ఎక్కడ నడుం వాల్చవచ్చో, ఎక్కడ చేయి ఆనించుకోవడానికి పిట్టగోడ ఉందో ఆ రోజు చూసినంతగా అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. దారిలో ఆవిడ అంది: “ఎంతసేపు పడుతుందో ఎవరిక్కావాలి? ఎక్కడ కూర్చోవచ్చో రాయండి.” ఇంటికొచ్చి పుస్తకంలోని వేళలన్నీ కొట్టేశాను. ఇప్పుడు ప్రతి దారికీ రెండు లెక్కలుంటాయి. ఒకటి ఒంటరి నడక, రెండోది ఇంటిల్లిపాది నడక. రెండో లెక్క ఆవిడది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2023 ఆగస్టులో ఈ దారిలో ఆరేళ్ళ పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత పిల్లల విషయంలో, వేళల విషయంలో ఆంక్షలు పెట్టారు. అవి మారుతూ ఉంటాయి గనక వెళ్ళేముందు కనుక్కోండి. గుంపుగా నడవండి, పిల్లల చేయి వదలకండి. మెట్లున్నంత మాత్రాన అది అడవి కాకుండా పోదు.

రెండో దారి అహోబిలం. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడు, ఎగువ అహోబిలంలో గుహలో వెలసిన నారసింహుడు. నవ నారసింహ క్షేత్రాలన్నీ ఒక్క రోజులో చూసి రావాలని బయలుదేరేవారే ఎక్కువ. నా మాట విని రెండు రోజులు పెట్టుకోండి. ఎగువనుంచి భవనాశి వాగు వెంట జ్వాలా నారసింహుడి దాకా వెళ్ళే దారి నాకు ప్రాణం. వాగులో గుండ్రాళ్ళు, పక్కన మెట్లు, పైన రెండు పక్కలా ఎర్రని రాతి గోడలు. వానలు పడ్డ ఏడు జ్వాలా నారసింహుడి దగ్గర కొండ మీదనుంచి నీళ్ళు దారి మీదే జల్లుగా పడతాయి. ఆ తడి బండల మీద రబ్బరు చెప్పులు వేసుకుని నడవకండి. ఉగ్రస్తంభం ఎక్కడం మన వయసుకు తగదు, కింద నుంచి దణ్ణం పెట్టుకుంటే చాలు.

మూడోది అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా కఠినమైనది. ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో అడవిలోకి దిగి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే దారి. సుమారు నలభై కిలోమీటర్లు. బస్సు రోడ్డు లేని కాలంలో పడమటినుంచి వచ్చేవారికి ఇదే రాచబాట. వీరాస్వామయ్యగారు శ్రీశైలం వెళ్ళింది కూడా ఆత్మకూరు మీదుగానే. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన ఘనత పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డిది. ఉగాదికి కన్నడ దేశంనుంచి వేలమంది మల్లయ్య భక్తులు ఈ దారినే వస్తారు. కొందరు మరగాళ్ళు కట్టుకుని మరీ నడుస్తారు. భీముని కొలను దగ్గర లోయలోకి మెట్లు దిగి, అవతల మళ్ళీ మెట్లెక్కి కైలాసద్వారం చేరినప్పుడు, అక్కడ చతికిలబడి ఏడ్చేవారిని చూశాను. భక్తితోనో అలసటతోనో నేను అడగలేదు. నా కళ్ళలో నీళ్ళకు రెండూ కారణమే.

ఈ అడవి 1983నుంచి పెద్దపులుల అభయారణ్యం. శివరాత్రికీ ఉగాదికీ అటవీశాఖవారు అనుమతించిన రోజుల్లో తప్ప ఆ దారిన అడుగు పెట్టకూడదు. శేషాచలంలోనూ అంతే. అది 1989నుంచి జాతీయ వనం, 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా కూడా ప్రకటించారు. పైగా ఎర్రచందనం పుట్టిల్లు. తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమికి అందరితో కలిసి వెళ్ళాలి గాని, మనకు బుద్ధి పుట్టినప్పుడు కాదు. ఉద్యోగంలో ఉండగా పనిమీద నడిచిన మంచి దారులు మూడు ఈ కారణంగానే పుస్తకంలో చేర్చలేదు. అడిగినవారికి కూడా చెప్పను. ఇష్టమైన దారిని దాచుకోవడం పిసినారితనం అనిపించవచ్చు. కానీ నా పుస్తకం చూసి వెళ్ళినవాడు కేసులో ఇరుక్కున్నా, పులి దాహం తీర్చుకునే మడుగు దగ్గర పదిమంది చేరి వంట చేసుకున్నా ఆ పాపంలో నాకూ వాటా ఉంటుంది.

ఇక మొదట్లో చెబుతానన్న నీళ్ళ సంగతి.

మొదటి ముద్రణలో ఇప్పుడు లేని ఒక దారి ఉండేది. పాత కోట ఉన్న కొండకు వెళ్ళే దారి. పేరు చెప్పను. సగం దూరంలో వంక మలుపులో ఒక ఊట ఉంది. కార్తీకంలో వెళ్ళినప్పుడు నీళ్ళు కంటికి కాటుకలా తేటగా ఉన్నాయి. సంక్రాంతికి వెళ్ళినప్పుడూ ఉన్నాయి. అక్కడ మేకలు కాస్తున్న మనిషిని, “ఎండాకాలంలో ఉంటాయా?” అని అడిగాను. “ఉంటాయి సామీ, మా మేకలు ఎప్పుడైనా ఈడే గదా తాగేది” అన్నాడు. “ఈ ఊటలో ఏడాది పొడుగునా నీరుంటుంది” అని రాసేశాను.

2014 ఏప్రిల్ చివర్లో నాతో పనిచేసిన ఒక పెద్దాయన, ఉద్యోగంలో నాకు సీనియరు, సెలవులకు వచ్చిన పన్నెండేళ్ళ మనవణ్ణి తీసుకుని ఆ దారిన వెళ్ళారు. పుస్తకంలో నీళ్ళున్నాయని రాసి ఉంది కదా అని మనిషికొక్క సీసా పట్టుకెళ్ళారు. ఎక్కేటప్పుడే అవి అయిపోయాయి. ఊట దగ్గరికి చేరేసరికి పదకొండయింది. అక్కడ ఎండిన ఇసుక తప్ప ఏమీ లేదు. తిరిగి వస్తూ పెద్దాయన కళ్ళు తిరిగి పడిపోయారు. ఆ పిల్లవాడు తాతను రేగుపొద నీడకు లాగి, కేకలు వేస్తూ గంటసేపు కూర్చున్నాడట. కేకలు విని మేకలవాడొకడు వచ్చాడు. వంక దగ్గరికి పరుగెత్తి, చేతులతో మోచేతి లోతు చెలమ తీశాడు. నీళ్ళు ఊరాయి. తలగుడ్డతో వడగట్టి తెచ్చి తాగించాడు.

చూశారా, ఆ ఊట దగ్గర నాతో మాట్లాడినవాడు అబద్ధం చెప్పలేదు. నీళ్ళు ఉన్నాయి. వాళ్ళ భాషలో “ఉన్నాయి” అంటే చెలమ తీసుకుంటే ఉన్నాయని. ఆ తీయడం అతనికి చెప్పవలసినంత పెద్ద విషయం కాదు. చిన్నప్పటినుంచి చేస్తున్నదే. అడగవలసింది నేను. జీవితమంతా నీళ్ళ కొలతలు తీసినవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్న వేయలేదు.

వారం తర్వాత పెద్దాయన మా ఇంటికి వచ్చారు. కోప్పడలేదు. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, పుస్తకంలో ఆ పేజీ తీసి బల్ల మీద పెట్టి, ఆ వాక్యం మీద వేలుంచి, “ఏమయ్యా, దీన్ని నువ్వు ఏ నెలలో చూశావు?” అని అడిగారు. “కార్తీకంలో, పుష్యంలో” అన్నాను. “మరి అదే రాయాల్సింది” అన్నారు. అంతే. గడియారం చూసుకుని వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి మిగిలిన ప్రతులన్నిటిలో సవరణ చీటీలు అంటించాను. నా దగ్గర పుస్తకం కొన్నవారిలో చిరునామా తెలిసినవారికి కార్డులు రాశాను. కొట్లలో అమ్ముడుపోయినవి ఎవరి చేతుల్లో ఉన్నాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే ఇవాళ్టికీ నా మనసు ఆ ప్రతుల వైపే పోతుంది. 2018లో వేసిన రెండో ముద్రణలో ఆ దారి తీసేశాను. మిగతా దారుల్లో నీళ్ళున్న ప్రతి చోటా నేను చూసిన నెల, సంవత్సరం వేశాను. చూడని నెల గురించి “నాకు తెలియదు, మోసుకెళ్ళండి” అని రాశాను. పుస్తకం కొంచెం వికారంగా తయారయింది. కాని అప్పటినుంచి నిద్ర పడుతోంది.

మిత్రులారా, మూడో ముద్రణ వేయమని కొందరు అడుగుతున్నారు. ఈ ఏడాది నాకు డెబ్బై అయిదు నిండుతాయి. కుడి మోకాలు గాలిగోపురం దగ్గరే సెలవడుగుతోంది. నడవని దారి రాయకూడదని నేనే నియమం పెట్టుకున్నాను. 2021 నవంబరు వానలకు శ్రీవారిమెట్టు దారి దెబ్బతిని, బాగుచేసి 2022 మేలో తెరిచారు. ఆ తర్వాత నేను దాన్ని ఎక్కలేదు. ఎక్కని దారి మీద నా పాత వాక్యాలు అచ్చువేసే హక్కు నాకు లేదు.

అందుకని సభవారికి ఒక మనవి. పుస్తకంలో ఇరవై రెండు దారులున్నాయి. కాళ్ళున్నవారు తలా ఒక దారి తీసుకోండి. మీరు నడవలేకపోతే మీ పిల్లల్నీ మనవల్నీ పంపండి. నా వాక్యాలు చేత్తో పట్టుకుని నడిచి, ఏది తప్పో, ఏది మారిందో, నీళ్ళు ఏ తేదీన ఎక్కడ చూశారో ఒక కార్డు ముక్క మీద రాసి నాకు పంపండి. ఫోనులో చెప్పినా రాసుకుంటాను. మూడో ముద్రణలో ప్రతి దారి కింద నడిచినవారి పేరూ నడిచిన తేదీ ఉంటాయి. రెండు దారులకు ఇప్పటికే పేర్లు వచ్చాయి. ఒకటి మా ఆవిడ తీసుకుంది, అహోబిలం దిగువ దారి. రెండోది, ఆనాడు తాతను నీడకు లాగిన పిల్లవాడు. ఇప్పుడు ఇంజనీరయ్యాడు. పుస్తకంలోంచి తీసేసిన ఆ కోటకొండ దారిని మే నెలలో నడిచి చూస్తానని, నాలుగు లీటర్ల నీళ్ళు మోసుకుని మరీ వెళతానని చెప్పాడు. ఆ తాతగారు ఈ సభలోనే ఉన్నారు. నన్ను ఇక్కడ మాట్లాడించమని కార్యదర్శిగారికి చెప్పినవారు కూడా ఆయనే.

మిగిలినవి ఇరవై ఒకటి. కాగితం, కలం పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంటాను. భోజనాలకు వెళ్ళేముందు పేర్లు ఇచ్చి వెళ్ళండి. సెలవు. నమస్కారం.